పదకొండు పేజీలు, మూడు సెకన్లు

నాలుగో పుస్తకంలో
మిహారు ఒక చనిపోయిన మనిషి గొడుగు విప్పి
పుల్లలు లెక్కపెడుతుంది.
పదకొండు పేజీలు.
ఒక్కో పుల్లకీ ఒక్కో వాన గుర్తొస్తుంది ఆ పిల్లకి.
ఏడో పుల్ల దగ్గర ఆగి
మళ్ళీ ఒకటి నుంచి మొదలెడుతుంది.
బరంపురం హాస్టల్లో ఆ రాత్రి
నేనూ మళ్ళీ ఒకటి నుంచే చదివాను,
లైటు ఆర్పమని పక్కమంచం శర్మిష్ఠ ఒడియాలో తిడుతుంటే.

అనిమేలో అది మూడు సెకన్లు.
గొడుగు విచ్చుకుంటుంది. ఒక వేలు. అంతే.

"ఏటక్కా, అలగ మొకం ముడుసుకున్నావు?"
పర్లాకిమిడిలో, కొమ్ము చెక్కే వాళ్ళ అరుగు మీద
పాలిష్ డబ్బాకి ఫోను ఆనించి చూస్తున్నాం.
కాల్చిన కొమ్ము వాసన.
నీలాద్రి చేతిలో సగం కొంగ,
ముక్కు వచ్చింది, కాళ్ళింకా రాలేదు.

చెప్పాను. ఒక్కటి కాదు, అన్నీ చెప్పాను.
పుస్తకంలో మిహారు నూట నలభై పేజీల దాకా
పైకి ఒక్క మాటా అనదు,
ఇక్కడ మొదటి నిమిషంలోనే పాట పాడించారు.
గొడుగుల కొట్టు యజమానికి అక్కడ ఒక కన్నే,
ఇక్కడ రెండూ ఇచ్చేశారు.
ఎవడిమ్మన్నాడు?

వాడు కొంగ పక్కన పెట్టి
వేలితో వెనక్కి జరిపాడు.
"కళ్ళు మూసుకోయే ఒకపాలి."
మూసుకున్నాను.
"ఇన్నావా?"
"ఏటి? ఏమీ నేదు."
"అదేనే. ఏమీ నేదు.
ఎనిమిది ఎపిసోడ్లూ వోన సప్పుడు ఆగనేదు,
ఈ మూడు సెకన్లే ఆగినాది."

నేను లెక్కల్లో ఉండి వినలేదు.
జపాను నుంచి ఇంగ్లీషుకొచ్చిన పుస్తకం నాది,
జపాను నుంచి హిందీకొచ్చిన బొమ్మ వాడిది.
ఇద్దరం కొట్లాడుకునేది మాత్రం
బడిలో మాకెవరూ రాయించని తెలుగులో.
ఒడియా అక్షరాలతో పెరిగాం.
అరసున్నా ఎలా ఉంటుందో
వాడికి ఇప్పటికీ తెలీదు,
'వోన' అన్నప్పుడు మాత్రం తడుస్తుంది.

"ఆ పదకొండు పేజీలూ సెప్పు మరి."

చెప్పడం మొదలెట్టాను.
మొదటి పుల్ల, పెళ్ళిరోజు జల్లు.
రెండోది రైలు స్టేషన్లో.
మూడు, నాలుగు కలిపేశాను, మరిచిపోయి.
ఐదో వాన ఎక్కడో సముద్రం మీద.
ఆరు.
ఏడో పుల్ల దగ్గర నోరు దానంతటదే
మహేంద్రతనయ పొంగిన రాత్రికి పోయింది.
ఎగిరిపోతున్న ఈ అరుగు రేకులు కట్టడానికి
చిన్నాన్న నిచ్చెనెక్కుతూ
కింద విప్పి పెట్టిన నల్ల గొడుగు,
విరిగిన పుల్లకి కట్టిన ఎర్ర నైలాన్ దారం,
తెల్లారి అది నూతి గట్టుకి చిక్కుకుని
ఖాళీగా ఊగుతూ.

ఆగిపోయాను.

నీలాద్రి కొంగ మీద పొడి ఊదాడు.
చాలాసేపు ఊదాడు.
"ఇది పుస్తకంలో ఉందేటి?"
"నేదురా."
ఆకురాయి వెతుక్కున్నాడు, ఒళ్ళోనే ఉంది.
"ఉండనీ. తీసీకు."

ఫోను తనంతట తను ఆరిపోయింది.
ఎనిమిదో పుల్ల ఇంకా చెప్పలేదు.