లక్స్ మీటర్

మూడు రాత్రులు నాకు అప్పగించిన పని
చీకటిని కొలవడం.
అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ పరికరం,
దాని నెత్తిన తెల్లటి గుడ్డికన్ను,
చంకలో క్యాంపస్ పటం.

ఉత్తరపు గేటు దగ్గర పద్దెనిమిది.
పరిపాలనా భవనం మెట్ల మీద నలభై రెండు
(రాత్రిపూట అక్కడ జెండాకర్ర తప్ప ఎవరూ నిలబడరు).
లైబ్రరీ నుంచి అమ్మాయిల ఏడో హాస్టల్‌కి వెళ్ళే దారిలో
ఒకటి.
తర్వాత సున్నా పాయింట్ నాలుగు.
బండల మధ్య మలుపులో
పరికరం నోరు విప్పలేదు.

"చీకటిని గూడ తూకమేస్తున్రా మేడం?"
ఎదురొచ్చింది సెక్యూరిటీ పోచవ్వ,
చీర మీద యూనిఫాం చొక్కా,
కాళ్ళకి కొడుకు విడిచిన పాత బూట్లు.
"గీ లైటు పోయిన్నాడు బతుకమ్మలాడుతున్రు.
ఇప్పుడు మామిడికాయలొచ్చినయ్.
రిజిస్టర్ల మూడుసార్లు రాసిన.
కింద సంతకం పెట్టిన్రు గని
బల్బు పెట్టలే."

నా వెంటే నడిచింది.
నేను అంకెలు రాసుకుంటుంటే
తన లెక్క తను చెప్పుకుంటూ పోయింది.
గా సీతాఫలం పొద కాడ నిరుడు బైకు ఆగింది,
పిల్ల చున్నీ గుంజిండు ఒకడు.
కంప్లైంటు వద్దన్నది పిల్ల,
ఇంట్ల తెలిస్తే సదువు బంద్ జేస్తరని.
గీ బెంచీ మీద ఒక పిల్లగాడు
మూడు రాత్రులు ఒక్కడే కూసున్నడు.
నాలుగోనాడు నేనుబోయి పక్కన కూసున్న.
ఏం మాట్లాడలే.
తెల్లారి మెస్సుకు బోయి ఇడ్లీ తిన్నడు.

పటం మీద ఆ బెంచీకి గుర్తు లేదు.
నేను పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి
ఏ రంగు అద్దాలో తెలియక వదిలేశాను.

ప్రహరీ గోడ పెద్ద బండ దాకా వచ్చి
ఎక్కలేక, తొలవలేక ఆగిపోయి
అవతలి పక్క మళ్ళీ మొదలైంది.
దాని వెనక గచ్చిబౌలి అద్దాల ఆఫీసులు
తెల్లవార్లూ మండుతున్నాయి,
ఇటువైపు ఒక్క లక్సు కూడా విదల్చకుండా.

అప్పుడు ఉలిక్కిపడి లేచింది మీటరు.
పదకొండు. తొమ్మిది. పదమూడు.
నిలకడ లేని వెలుగు.
జిలానీ జిరాక్స్ డబ్బా.
అద్దం కింద ఆకుపచ్చ గీత
అటు పోతోంది, ఇటు వస్తోంది,
థీసిస్ కాగితాల కోసం నిలబడ్డ
ఐదారుగురి గడ్డాల కింద ఊగుతోంది.
టైము ఒంటిగంట కావస్తోంది.
"గీయన ఉన్నంతసేపు నాకు ఫికర్ లేదు" అంది పోచవ్వ,
"షట్టర్ గుంజినంకనే నా డ్యూటీ షురూ."

సోమవారం కమిటీ గది.
ఏసీ చలి, ప్లేట్లలో జీడిపప్పు,
తెర మీద నా పటం.
నూట ఇరవై కెమెరాలన్నారు.
ముఖం చూసి తెరుచుకునే గేటన్నారు.
గోడ మీద ఇంకో మూడడుగుల ముళ్ళతీగ,
అమ్మాయిలు పదిన్నరకల్లా లోపల.
బండను ఏం చేయాలో మాత్రం ఎవరికీ తోచలేదు.
ఆ తర్వాత, అనధికార నిర్మాణాల తొలగింపు,
వరుస సంఖ్య ఆరు,
జిరాక్స్ డబ్బా.

నేను లేచి నిలబడ్డాను.
నా దగ్గరున్నవి అంకెలే కదా, అవే చెప్పాను.
"పదకొండు సార్. తొమ్మిది. పదమూడు."
"ఏమిటమ్మా అవి?"
"ఆకుపచ్చవి సార్."
ఎవరో నవ్వారు.
ఛైర్మన్ గారు గడియారం చూసుకున్నారు.

మినిట్స్ రాసే పని నాకే ఇచ్చారు,
గదిలో ఉన్న ఒక్క ఆడదాన్నని కావచ్చు.
ఆ రాత్రి ఇంట్లో కూర్చుని రాశాను.
అంశం ఆరు: డబ్బాను ఉన్నచోటే ఉంచాలి,
రాత్రి ఒంటిగంట వరకు తెరిచి ఉండాలి.
అంశం ఏడు: మలుపులో ఒక బల్బు.

సంతకం పెట్టే ముందు ఇక్కడ ఎవరూ చదవరని
పోచవ్వ రిజిస్టర్ నాకు ముందే చెప్పింది.

ఐదు సంతకాలూ వచ్చేశాయి.
ఇక బల్బు రావాలి.