పదకొండు చుక్కలు

నరీన్ బజారు వెనక, మంచు మీద
గోరంత ఆకుపచ్చ మరక.
ముప్పై రెండేళ్ల ఆడీ కింద
వెల్లకిలా దూరింది అయ్‌నగుల్.

రాత్రి కింద అట్టముక్క పరిచింది.
తెల్లారేసరికి పదకొండు చుక్కలు.
లెక్కపెట్టి, తేదీ రాసి
సీటు వెనక దోపింది
జ్వరం చీటీలా.

"రేడియేటర్ మార్చెయ్యి" అన్నాడు తెమిర్బెక్.
"రెండు గొర్రెలు నువ్విస్తావా?"

ఇంజన్ చల్లారేదాకా మూత ముట్టుకోలేదు.
ఒకసారి ముట్టుకున్న గుర్తు
మణికట్టు మీద ఇంకా నున్నగా ఉంది.

రేడియేటర్ కాదు. పంపూ కాదు.
వేలితో తడుముకుంటూ పోతే
కింది పైపు మెడ దగ్గర క్లిప్పు వదులు.
స్క్రూడ్రైవర్ ఒక తిప్పు, ఇంకో తిప్పు,
మూడోది తిప్పబోయి ఆగింది.
ముసలి రబ్బరు,
ఎక్కువ బిగిస్తే అలుగుతుంది.

బయటికొచ్చి, చేతులైనా తుడుచుకోకుండా
ఆ పచ్చటి మంచునంతా గీకి
డబ్బాలో పోసి మూత పెట్టింది.
తియ్యగా ఉంటుందట ఆ విషం.
బజారు కుక్కకి ఎవరు చెప్పాలి?

మర్నాడు కొత్త అట్ట మీద
మూడు.

కాసేపు చూసింది.
నీళ్ల సీసా ఒకటి ముందు సీట్లో పెట్టుకుని
"ఎక్కండి" అంది
చలికి గెంతుతున్న బడిపిల్లలతో.