మూడో బహుమతి

మా ఊరి నడిబొడ్డు అంటే రెండు వీధులు కలిసేచోటు, అంతే.
బ్యాంకు, మందుల షాపు, మూతపడ్డ సినిమా హాలు,
రెండు బార్లు. ఒకదాని మీద అలిగినవాళ్ళు ఇంకోదాంట్లో తాగుతారు.
ఫిబ్రవరి రెండో శనివారం మాత్రం
కార్లని పక్క వీధిలోకి తరిమేసి
రోడ్డుని మాకు మేమే ఇచ్చుకుంటాం.

మైనస్ ఇరవై రెండు.
ముక్కులో వెంట్రుకలు సూదులయ్యే పూట.

ఇక్కడి ఆచారం ఒకటి చెప్పాలి, నవ్వకండి.
పాత జీన్సు ప్యాంటు బకెట్టు నీళ్ళలో ముంచి,
పిండకుండా తీసి,
కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము గుండ్రంగా సర్ది
పెరట్లో మంచులో దింపితే
అరగంటలో కొయ్యబారి
తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది.
పండగ రోజు పేవ్‌మెంటు పొడుగునా అవే:
నడుము దాకా మనుషులు,
ఆ పైన ఖాళీ గాలి.

పోస్టాఫీసు ముందు క్యూలో ఐదు.
బస్‌స్టాపులో రెండు, చిన్నది పెద్దదానికి ఆనుకుని.
బార్ తలుపు దగ్గర స్కూలు పిల్లలు ఒకదాన్ని
తూలుతున్నట్టు నిలబెట్టారు. అది ఎవరో
ఊరంతటికీ తెలుసు, ఆయనకి తప్ప.

హోదాన్‌కి ఇది ఇక్కడ రెండో చలికాలం.
సంబూసాలు వేయించే పొయ్యి ఆవిరి
ఆమె కనురెప్పల మీదే గడ్డకడుతోంది.
"ఈ ఊళ్ళో బట్టలు కూడా మొండివే" అంది
నా చేతిలో పొట్లం పెడుతూ.
సగం తినేలోపే చల్లారింది.

నా పని ఉప్పు చల్లడం.
ఎవరూ జారకుండా చూడడం,
జారితే నవ్వకుండా లేపడం.

పదకొండింటికి ఐలీ కొస్కెలా వచ్చింది,
చంకలో అడ్డంగా గోధుమరంగు పనిప్యాంటు,
ఎడమ మోకాలికి నల్ల అతుకు.
కాగితం మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు వంగి లేచిన మోకాలు.
మంగలి షాపు ముందు నిలబెట్టింది,
లోపల కుర్చీలుండగా
అర్విడ్ బయటే నిలబడి
తన వంతు కోసం చూసే చోట.
ఒక అడుగు వెనక్కి వేసింది.
మళ్ళీ వచ్చి ఎడమ కాలు కాస్త బయటికి తిప్పింది.
అప్పుడది ఆయనే అయింది.

మంగలి వెర్నన్ కత్తెరతోనే కిటికీ దగ్గరికొచ్చి
చాలాసేపు చూశాడు.
వేలితో రెండుసార్లు అద్దం మీద తట్టాడు,
వంతు వచ్చిందన్నట్టు.
ఎవరిదో కుక్క వాసన చూసి,
కాలెత్తబోయి, ఎందుకో మానుకుంది.

మూడింటికి బహుమతులు.
మొదటిది తలకిందులుగా నిలిచిన ప్యాంటుకి,
రెండోది నర్సరీ పిల్లల ఇరవై బుల్లి లాగులకి.
మూడోది అర్విడ్‌కి:
పెట్రోలు బంకులో ఒకసారి ఉచితంగా ఇంజనాయిల్ మార్పు.
ఐలీకి కారు లేదు.
మైకు ముందు అందరం మా బూట్లకేసి చూసుకున్నాం.
ఆమె ఒక్కతే నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది.
"బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి
నాలుగేళ్ళకోసారి మార్చేవాడు!"

పొద్దుగూకాక నా ట్రక్కులో దింపాను.
ప్యాంటు వంగదు. వెనకాల పడేద్దామంటే
వద్దంది.
సరే, ముగ్గురం ముందు సీట్లోనే.
స్టీరింగు దగ్గర నేను, మధ్యలో ఆమె,
తలుపు వైపు అది, ఏటవాలుగా,
నడుము పైకప్పుకి తగిలి.

హీటరు వేశాను.
వంతెన దాటాం. మిల్లు గేటు దాటాం, తాళం మీద మంచు.
రైలు పట్టాల దగ్గర ఆగినప్పుడు
ముందు అతుకున్న మోకాలు మెత్తబడింది,
తర్వాత రెండోది.
నడుము మెల్లగా సీట్లోకి దిగింది.

నీళ్ళు కారి నా బూట్ల దాకా వచ్చాయి.
గూడ్సు బండి పొడుగ్గా పోతూనే ఉంది.
ఐలీ పెట్టెలు లెక్కపెడుతోంది, పైకే, ఫిన్నిష్‌లో.
నలభై దగ్గర తప్పిపోయి
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.