కర్త, క్రియ, కర్మ

కిట్వేలో, రాగి గని పైన రేకుల గదిలో
పాఠాల్ని ఫోను తెరకు సరిపడా
ముక్కలు చేయడం నా కొలువు.
ఒక్కోటి ఆరు నిమిషాలు. అంతకు మించితే
బొటనవేలు ఆగదు.

కొత్త ప్రమాణం వచ్చింది:
ఎవరు, ఏం చేశారు, దేన్ని.
నేర్చినదంతా మూడు మాటల్లో చెప్పాలట.
చూసెను. ముగించెను. తప్పెను. నెగ్గెను.
క్రియలన్నీ జాబితాలోవే; సొంతంగా పుట్టించకూడదు.

కింద సిగ్నలు ఉండదు.
తొమ్మిది వందల మీటర్ల లోతున చదివిందంతా
ఫోను పొట్టలో దాచుకుని
లిఫ్టు పైకి రాగానే గబగబా కక్కేస్తుంది.

నిన్న రాత్రి షిఫ్టు నుంచి ఒక వాక్యం:
చిలేషే, విడిచిపెట్టెను, ఏడో పాఠం.
'పైకప్పు రాయి పరీక్ష'. నాలుగో నిమిషంలో.
ఎర్రగా వెలిగింది. పిలిపించాను.

జుట్టులో ఇంకా ధూళి. కూర్చోలేదు.
"తెరలో బొమ్మ ఇనుపకడ్డీతో రాతిని కొడుతోంది.
పక్కన కపేంబ్వా మేస్త్రీ నిజంగా కొడుతున్నాడు.
బొమ్మది ఖంగుమంది.
ఆయనది గుమ్మడికాయ తట్టినట్టు బోలుగా.
ఫోను జేబులో పడేసి
పదకొండు మందినీ ఇవతలికి లాగేశాం.
తర్వాత పడింది."

ఎంత పడిందో అడగలేదు.
ఆమె వెళ్లాక జాబితా అంతా వెతికాను.
'వినెను' లేదు.
కమిటీకి రాస్తే మర్యాదగా జవాబు:
దాన్ని ఎలా కొలుస్తారు?

తెలియదు.
ఆ ఎర్ర గీత ఇంకా అలాగే ఉంది.
ఏడో పాఠంలో, నాలుగో నిమిషం దగ్గర,
బొమ్మను ఆపి తెర నల్లగా చేసి
మేస్త్రీ కడ్డీ చప్పుడు రెండుసార్లు పెట్టాను.
నిడివి ఇప్పుడు ఆరు నిమిషాల పదకొండు సెకన్లు.