కాటా కుళ్ళాయప్ప

ఒప్పుకోలుతో మొదలుపెడతా.
పందొమ్మిదేండ్ల కింద అనంతపురం రేడియో స్టేషన్లో
ఆడిషన్ బల్లకు ఇటువైపు కూర్చున్న ముగ్గురిలో ఒకణ్ణి.
అటువైపు కుళ్ళాయప్ప,
ఒక మెట్టు పలకని హార్మోనియం,
చొక్కా జేబులో బీడీకట్టకు తోడుగా నాలుగు పాటలు.
నేను కాయితం మీద రాసింది ఇదీ:
"గాత్రం గరుకు. తారషడ్జం అందదు.
సాహిత్యం నవ్వు పుట్టిస్తుంది. లలిత సంగీతానికి తగదు."

నవ్వు పుట్టిస్తుందని ఫెయిలు చేసిన చెయ్యి ఇది.
ఇప్పుడు దీంతోనే రాస్తున్నా, ఎవరూ అడగకపోయినా.

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల రోడ్డు.
పాలిషు మిషన్ల నీళ్ళు కాలవలో తెల్లగా, చిక్కగా పోతుంటాయి.
లారీల కాటా పక్కన రేకుల గది,
అందులో కుళ్ళాయప్ప. పొద్దంతా
నిండు బండిని తూచి, ఖాళీ బండిని తూచి
తేడా చీటీ మీద రాసిస్తాడు.
రాత్రి పది దాటితే, లారీకీ లారీకీ నడుమ
చీటీ వెనక్కి తిప్పి పాట రాస్తాడు.

బోరు పాట వినండి.
మూడొందల అడుగులకు దుమ్ము, ఆరొందలకు దుమ్ము,
రిగ్గోడు చేతులెత్తేస్తే రైతంటాడు:
"ఇంగో నూరు దించప్పా, పాతాళం తగుల్తాది.
ఆడ బలిచక్రవర్తి ఉంటాడు,
నీళ్ళు లేకుంటే పాయె, అప్పన్నా అడుగుదాం.
ఇచ్చి ఇచ్చి మునిగినోడు,
మునిగినోని కష్టం ఆయప్పకు తెలీదా?"

నవ్వుతాం. నవ్వు సగంలో ఉండంగానే
రిగ్గు బాడుగ గుర్తొస్తుంది.
ఆయన మాత్రం నవ్వడు. హార్మోనియం తిత్తి ఒక్క క్షణం ఆపి
తాళం తప్పినట్టు నటిస్తాడు.
ఆ ఆగడం ఉందే,
దాన్ని రాసుకునే స్వరలిపి నాకు ఎవరూ నేర్పలేదు.

మబ్బు మీద ఇంకొకటి:
"మా ఊరి మీదుగానే పోతావు, చెయ్యెత్తితే ఆపవు,
నువ్వు గూడా నాన్‌స్టాపేనా తల్లీ?
టికెట్టు గొడవ వద్దు, నేను ఎక్కేది లేదు.
నువ్వే ఇట్ల దిగిపో."

పెండ్లాం మీద:
"ముక్కుపుడక తాకట్టులో ఉండాది ఓబుళమ్మా,
ముక్కుమీద కోపం మాత్రం ఇంట్లోనే ఉండాది.
సేటును అడిగొచ్చినా,
అది కుదువ పెట్టుకోడంట."

ఇంత మంచి ప్రేమపాట నేను ఈమధ్య వినలేదు.
ఓబుళమ్మ వినింది. "సంసారం సంగతులు రోడ్డుమీదనా?" అని
టీ గ్లాసు ఠపీమని పెట్టి పోయిందంట.
ఆ ఠపీ ఇప్పుడు పాటలో తాళంగా ఉంది.

లోపాలు చెప్పకుంటే విమర్శ కాదు, సన్మానం.
మూడో చరణం వచ్చిందంటే నీతి చెప్తాడు, అక్కర్లేదు.
ఎన్నికల పాట ఒక్క ఎన్నికకే సరిపోయింది.
తారషడ్జం ఇప్పటికీ అందదు.
అక్కడికొచ్చేసరికి లారీ హారన్ మోగితే
దానికే అప్పజెప్తాడు.

పాటలు ఆటోల్లో తిరుగుతున్నాయి, ఆయన పేరు దించేసి.
కదిరి తేరప్పుడు ఎవరో కుర్రోడు బోరు పాట పాడి
వెయ్యినూటపదార్లు, శాలువా తీసుకున్నాడు.
కుళ్ళాయప్ప గుంపులో నిలబడే విన్నాడంట.
"బలిచక్రవర్తి దగ్గర తొందరపడినాడు" అన్నాడు.
అంతే.

మొన్న పోయి నా పేరు చెప్పినా. గుర్తుపట్టినాడు.
"మీ మీద గూడా ఒకటుంది సార్" అని
డ్రాయరు వెతికి చీటీ తీసినాడు.
"ముగ్గురు పెద్దోళ్ళు నన్ను కాటా ఎక్కించినారు,
బండి డొక్కుదని రాసి పంపినారు.
డొక్కుదే సామీ, నేను బండి అమ్మేకి వచ్చినానా?
టార్పాలిన్ ఎత్తి చూస్తిరా?"

పలకని మెట్టు దగ్గర
ఆ స్వరం నోటితో పెట్టినాడు.
నవ్వినా. నాకన్నా ముందు
తలుపుకాడ నిలబడిన క్లీనరు పిల్లోడు నవ్వినాడు.

చీటీ అడిగి తెచ్చుకున్నా.
ముందువైపు లారీ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు.
నికరం గడి నింపలేదు.
కింద, కాటా రుసుము అరవై రూపాయలు.
వద్దంటాడనుకుని వంద నోటు చాపినా.
తీసుకున్నాడు.
నలభై చిల్లర లెక్కబెట్టి ఇచ్చినాడు.