సోమవారం జబ్బు

నానులి రొట్టెల వ్యాను సోమవారం మాత్రమే చచ్చిపోతుంది.
మంగళవారం నుంచి శుక్రవారం దాకా
తాళం తిప్పితే చాలు, మేకపిల్లలా లేస్తుంది.
సోమవారం తెల్లవారుజామున నాలుక్కి
ఒక్క టక్కు. అంతే.

రెండు బ్యాటరీలు మార్చింది.
డైనమో మార్పించింది, పాతది బాగానే ఉందట, అయినా మార్చేశారు.
ఫాదరుని పిలిచి బానెట్ మీద నీళ్లు చల్లించింది.
ఆ నీళ్లవల్ల నష్టమేం లేదు, చూశాను.
"సోమవారానికి నామీదేం కోపం, గోచా?" అంది
తాళాలు నా బల్లమీద పడేసి,
పక్కన కాగితంలో చుట్టిన వేడి రొట్టె పెట్టి.

కరెంటు దొంగని పగలు పట్టుకోలేం.
ముందు బండి నిద్రపోవాలి.
తలుపు తెరిచే ఉంచి, గడియని స్క్రూడ్రైవర్‌తో నొక్కేస్తే
వేసేశారనుకుంటుంది పిచ్చిది.
తాళంచెవి అవతలి గదిలో, టీ డబ్బాలో.
బ్యాటరీ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టి
లైటార్పి స్టూలు మీద కూర్చున్నాను.
బయట రుస్తవి ఉక్కు ఫ్యాక్టరీ పొగ మంచులో కలుస్తోంది.
దగ్గొస్తే గొంతులోనే మింగాను
పసిదాన్ని అప్పుడే ఉయ్యాల్లో వేసినవాడిలా.
లోపల ఒక్కో పెట్టే కళ్లు మూస్తోంది.
నాలుగు ఆంపియర్లు. రెండు. ఒకటింపావు.
ఇరవై రెండో నిమిషంలో అంకె ఆగింది
సున్నా పాయింటు ఆరు దగ్గర.
సున్నా పాయింటు సున్నా మూడు దాకా దిగాలి.
ఎవరో మేలుకునే ఉన్నారు.

ఫ్యూజులు పీకను. పీకితే ఇల్లంతా లేస్తుంది.
ఒక్కోదాని నెత్తిన రెండు సూదులూ ఆనించి
నాడి చూస్తాను.
పదిహేడోది కొట్టుకుంటోంది.
ఆ దారి పట్టుకుపోతే అద్దం పక్కన చిన్న తెర,
వెనక్కి వచ్చేటప్పుడు చూసుకునే కెమెరాది.
నల్లగా ఉంది, ఏమీ ఎరగనట్టు.
చేతి వెనకవైపు ఆనించాను. జ్వరమొచ్చిన నుదురు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి సోమవారం నాలుగు దాకా
అరవై రెండు గంటలు. రొట్టె కాగితం మీద లెక్క వేశాను.
మూడేళ్లు వారానికి ఏడు రోజులూ తోలింది నానులి,
రాత్రి పోయింది పొద్దున్నే తిరిగొచ్చేది.
మోకాళ్లు మొరాయించి
శని, ఆదివారాలు మానుకుంది ఈ చలికాలమే.
ఆవిడ పడుకుంటేనే దొంగ బయటపడ్డాడు.

డ్యాష్‌బోర్డు విప్పాను. నల్ల టేపు. దానికింద రాగి మెలిక.
మెలిక ఎడమకి తిరిగి ఉంది.

ఈ ఊళ్లో తీగని ఎడమకి తిప్పే చెయ్యి ఒక్కటే.
ఆ చేతికిందే పదకొండేళ్లు పని నేర్చుకున్నాను,
నా కుడిచేతికి ఆ తిప్పుడు మాన్పించలేక చచ్చాను.
ఇపోలితే మాస్టారు.
టేపు చివర ఆ చిన్న మడత కూడా ఆయనదే,
రేపు విప్పేవాడి గోటికి దొరకాలని.

అక్కడ ఎర్ర తీగలు రెండు.
ఒకదాని మీద సన్నటి తెల్ల గీత, తాళం తిప్పితేనే పలుకుతుంది.
రెండోదాని మీద పసుపు గీత, రాత్రీ పగలూ పలుకుతుంది.
ఆయన పసుపుకి కలిపాడు.
శుక్లాలు ముదిరిన కంటికి తెలుపు కూడా పసుపే.
ఆ ఏడాది ఎవరితోనూ అనలేదు.
"దీపం ఇటు జరుపు" అనేవాడు, అంతే.
నేను జరిపేవాణ్ణి.

విప్పి, తెల్లగీతకి కలిపాను.
ఎటువైపు మెలితిప్పానో చెప్పను.
టేపు చివర మడత పెట్టాను.
మళ్లీ ఇరవై రెండు నిమిషాలు చీకట్లో కూర్చుంటే
సున్నా పాయింటు సున్నా మూడు.
రొట్టె చల్లారిపోయింది, అలాగే తిన్నాను.

"ఏమిటట జబ్బు?" అంది నానులి పొద్దున్నే.
"ఎలుక" అన్నాను. "తీగ కొరికింది."

నాలుగు సోమవారాలైంది, వ్యాను లేస్తోంది.
నిన్న ఫోను చేసింది: పిండి గదిలో ఆరు బోనులు పెట్టిందట,
జున్ను ముక్కలు దండగ, ఒక్కటీ పడలేదట.
"అసలు పెద్దదా, పిల్లదా?"
"ముసలిది" అన్నాను.
"ఇంక రాదులే, తీసెయ్."