ఒకటి పేలలా

చీమకుర్తిలో మధ్యాహ్నం ఒంటిగంటకు
క్వారీ విజిలు మూడుసార్లు.
కాటా రూములో నేను పెన్ను ఆపుతాను.
గోతి అంచున కాలేషా మామ
వేళ్ళు ముడుస్తూ మోతలు లెక్కపెడతాడు.
పదకొండు రంధ్రాలు.
పది మోతలు.

ఒకటి పేలలా.

ఇక ఎర్రజెండా దిగదు.
లారీలు కదలవు. పిలకాయలు రేకుల నీడ వదలరు.
మేస్త్రీ వాచీ చూసుకుని గొణుగుతాడు.
"మోగిందాంతో పనేముందబ్బయా, అదయిపోయింది.
మోగందానికే మర్యాద చెయ్యాల" అంటాడు మామ.
ఇరవయ్యారేళ్ళుగా ఆయన పది వేళ్ళూ
ఆయన దగ్గరే ఉన్నాయి.

ఆ జ్యేష్ఠంలో వెంగమ్మ
నర్రవాడ తిరునాళ్ళకని వారం సెలవు పెట్టింది.
ఆమెతో పాటే టీ కూడా పోయింది.
సొట్టలు పడ్డ సత్తు గిన్నె ఆమెది,
అడుగంతా ఏళ్ళనాటి గీతలు.
దాంట్లో నీళ్ళు కాగితే ఆఫీసంతా తెలిసేది:
ముందు సన్నగా ఈల,
అడుగున ఆవాలంత బుడగలు,
ఆనక మూత ఎగిరెగిరి పడే గోల.

కొత్తగా దిగిన ఓవెన్
గెలాక్సీ పలక మీద కూర్చునుంది,
నల్లరాతిలో బంగారు చుక్కల మీద.
కొత్త గాజు కప్పు. ఫిల్టరు నీళ్ళు.
రెండు నిమిషాలు పెట్టాను.
ఒంగోలు నుంచి ఫోను, వే బిల్లులో తేడా అని.
మాట్లాడి వచ్చి, చల్లారుంటాయని
మళ్ళీ మూడు నిమిషాలు.

గంట కొట్టింది. తలుపు తీశాను.
అద్దంలా ఉన్నాయి నీళ్ళు.
ఒక్క బుడగ లేదు, ఉలుకూ పలుకూ లేదు.
కాగలేదనుకున్నాను.
మొహం దగ్గరికి తెచ్చుకుని చూసి
చెంచాడు కాఫీపొడి వేశాను.

కప్పు కప్పంతా లేచింది.

కళ్ళద్దాలు కళ్ళను కాచాయి.
గడ్డం కింద, కుడి మణికట్టు మీద
నిప్పు పూసినట్టు.
ఒకరు టూత్‌పేస్టన్నారు, ఒకరు సిరా అన్నారు.
మామ ఎవరి మాటా విన్లా.
నీడలో డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టి
ఇరవై నిమిషాలు, వాచీ చూస్తూ,
చెంబుతో ముంచి ముంచి పోశాడు.
ట్యాంకరు నీళ్ళు కొలుచుకునే మా దగ్గర
అన్ని నీళ్ళు ఒక్క మనిషి మీద
పోయడం అదే చూడటం.

ఆస్పత్రికి పోతా బండి మీద అడిగాడు:
"ఎంతసేపు పెట్టినావు?"
అయిదు నిమిషాలు.
"బుడగొచ్చిందా?"
లేదు.
"మరెట్టా చెయ్యి పెట్టినావమ్మా శేషారత్నం?
అది పేలని తూటా కదా."

మర్నాడు ఆ కప్పు తెప్పించుకుని
లోపల బొటనవేలితో తడిమాడు,
పలక పాలిష్ చూసే వాడిలా.
"గరుకే లేదు దీంట్లో.
బుడగ పుట్టాలంటే కాలు మోపే చోటుండాల.
వెంగమ్మ గిన్నెలో అన్నీ మెట్లే."
ఓవెన్ ముట్టి ఎరగడు ఆయన.

ఇప్పుడు కప్పులో ఐస్‌క్రీం పుల్ల వేసి పెడతాను.
కాచిన నీళ్ళు మళ్ళీ కాచను.
నిమిషానికి మించి తిప్పను.
గంట కొట్టాక తలుపు మూసే ఉంచి
ఇంకో నిమిషం కాటా అంకెలు చూస్తూ కూర్చుంటాను.
తలుపు పిడికి ఒక ఎర్రగుడ్డ పీలిక.
ఎవరు కట్టారో అడగలేదు.

వెంగమ్మ తిరిగొచ్చింది,
కొంగున కుంకుమ పొట్లంతో.
నా మణికట్టు చూసింది, ఓవెన్‌ను చూసింది.
"దీనికి నోరు లేదమ్మా,
మంటెక్కిందో లేదో ఎట్టా చెబుతుంది పాపం"
అంటూ స్టవ్వు మీద తన గిన్నె పెట్టింది.

మచ్చ కొంచెం గరుకుగా మిగిలింది,
రంపం కోసి వదిలేసిన రాతి పక్కలా.
బిల్లు రాసేటప్పుడు కాగితానికి తగులుతుంది.
ఒంటిగంటకు విజిలు.
నేనూ వేళ్ళు ముడుస్తాను.